టస్కంబియాలోని ఐవీ గ్రీన్: పంపు కంటే ముందు ఆ చిన్న ఇల్లు చూడండి

హెలెన్ కెల్లర్ పుట్టి పెరిగిన ఐవీ గ్రీన్ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, టస్కంబియా అనే చిన్న ఊళ్లో ఉంది. 1820లో ఆమె తాతగారు కట్టించిన ఈ ఇంటిని ఇప్పుడు మ్యూజియంగా నడుపుతున్నారు. అదే రాష్ట్రంలోని హంట్స్‌విల్ నగరంలో ఉండే తెలుగు కుటుంబాలు పిల్లలతో ఒక్క పూటలో చూసి రావచ్చు.

వచ్చినవారి చూపంతా పెరట్లోని చేతిపంపు మీదే ఉంటుంది. 1887 ఏప్రిల్ 5న ఉపాధ్యాయిని ఆన్ సలివాన్ ఆరేళ్ల హెలెన్ ఒక చేతిని నీటిధార కింద ఉంచి, రెండో అరచేతిలో ‘వాటర్’ అనే మాటను వేళ్లతో అక్షరమక్షరంగా తెలియజెప్పింది ఇక్కడే. ప్రతి వస్తువుకూ ఒక పేరుంటుందని హెలెన్‌కు తొలిసారి తెలిసిందీ అప్పుడే. ఫొటో దిగవలసిన చోటే, కాదనను. అయితే నా మటుకు ఈ ఆవరణలో నిదానంగా చూడవలసింది పెద్దింటి పక్కనే ఉన్న రెండు గదుల చిన్న ఇల్లు.

పందొమ్మిది నెలల వయసులో జబ్బు చేసి చూపు, వినికిడి రెండూ పోగొట్టుకున్న బిడ్డను జాలికొద్దీ ఎవరూ ఏమీ అనేవారు కాదు. అందరి కంచాల్లోనూ చేయి పెట్టి తినడం ఆమెకు అలవాటైపోయింది. 1887 మార్చి 3న వచ్చిన ఆన్, మాట వినడం అలవడనిదే చదువు ఎక్కదని తేల్చుకుని, బిడ్డను కొన్నాళ్లు తనకే వదిలేయమని తల్లిదండ్రులను ఒప్పించి, ఎక్కడికో దూరం వెళ్తున్నట్టు తోచేలా బండిలో చుట్టు తిప్పి ఈ చిన్నింటికే తీసుకొచ్చింది. మొదటి రాత్రి హెలెన్‌ను మంచమెక్కించడానికే దాదాపు రెండు గంటల పెనుగులాట జరిగిందని ఆన్ ఒక ఉత్తరంలో రాసుకుంది. కన్నవారు కిటికీలోంచి చూడవచ్చు గానీ కలగజేసుకోకూడదు. ఈనాటి తల్లిదండ్రులకు ఇది మరీ కఠినంగా తోస్తుంది, నాకూ తోచింది. కానీ తానే సగం చూపుతో పేదల శరణాలయంలో పెరిగి, బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చదువుకున్న ఆ ఇరవై ఏళ్ల యువతికి, జాలి వల్ల ఏం ఒరుగుతుందో ఒకరు చెప్పవలసిన పని లేదు.

రెండు వారాలకే పరిస్థితి మారింది. హెలెన్ గది ఈ కొస నుంచి ఆ కొసకు అందేంత ఉన్ని గొలుసు అల్లి, తన చేతిని తానే మెచ్చుకోలుగా తట్టుకుని, దాన్ని చెంపకు ఆనించుకుందట. టీచరు ముద్దు పెడితే ఊరుకునేది, ఒకటి రెండు నిమిషాలు ఒళ్లో కూర్చునేది కూడా. తిరిగి ముద్దు మాత్రం పెట్టేది కాదు. పంపు దగ్గర జరిగింది అర్థం కావాలంటే, అంతకు ముందే ఈ చిన్నింట్లో ఆమె ఇలా మాట వినడం, కొద్దికొద్దిగా దగ్గరవడం మొదలైందని తెలిసి ఉండాలి.

పెద్దింట్లో హెలెన్ పుస్తకాలు, బ్రెయిలీ టైపురైటరు వగైరా ఉన్నాయి. వాటికి ఎక్కువ సేపు పట్టదు. జూన్, జూలై నెలల్లో ఈ ఆవరణలోనే ఆరుబయట ఈ కథను నాటకంగా ఆడతారు కాబట్టి, వేసవిలో వెళ్లేవారు తేదీలు ముందే కనుక్కుని, పగలు ఇల్లు చూసి సాయంత్రం దానికి ఉండిపోవడం మంచిది.