జాగ్రత్త: స్టూడియో ఆర్ట్ డిగ్రీలో చేరేముందు ఆ స్టూడియోకి తాళం ఎన్నింటికి వేస్తారో అడగండి

నేను రెండేళ్లు చదివి బయటికొచ్చేసిన కాలేజీ పేరు ఇక్కడ రాయను. మీరో మీ పిల్లలో డిగ్రీలో స్టూడియో ఆర్ట్ (పెయింటింగ్, సెరామిక్స్ లాంటివి చేత్తో చేసి నేర్చుకునే చదువు) మేజర్‌గా తీసుకోవాలనుకుంటుంటే మాత్రం డబ్బు కట్టకముందే ఇది చదవండి. "బొమ్మలు గీస్తే కూడు పెడతాయా" అనే పాత పాట పాడటానికి రాయట్లేదు. బొమ్మల మీద నాకు ప్రేమ ఇంకా అలాగే ఉంది. నా గొడవల్లా చూపించిన సరుకు ఒకటి, చేతిలో పెట్టింది ఇంకొకటి అన్నదే.

చేరకముందు క్యాంపస్ చూపిస్తామని పిలిచారు. నేరుగా గ్యాలరీకి తీసుకెళ్లారు. తెల్లటి గోడలు, పైన స్పాట్‌లైట్లు, ఫైనలియర్ వాళ్ల నిలువెత్తు కాన్వాసులు. నోరెళ్లబెట్టి చూశాను. స్టూడియోలు మాత్రం "లోపల క్లాసు జరుగుతోంది, డిస్టర్బ్ చేయొద్దు" అని తలుపు బయటి నుంచే చూపించారు. ఆరోజు ఆదివారం. ఆ ముక్క నాకు ఇంటికొచ్చాక కూడా వెలగలేదు.

రెండో దెబ్బ అడ్మిషన్ లెటర్‌లోనే ఉంది, నేనే చదువుకోలేదు. ప్రాస్పెక్టస్ అట్ట మీద బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అని పెద్ద అక్షరాలు. లెటర్‌లో "ప్రీ-బీఎఫ్ఏ". బీఎఫ్ఏ, బీఏ రెండూ ఆర్ట్ డిగ్రీలే కదా అనుకునేదాన్ని. తేడా చాలా ఉంది. బీఎఫ్ఏలో సాధారణంగా మొత్తం క్రెడిట్లలో మూడింట రెండు వంతుల దాకా స్టూడియో పని, ఆర్ట్ హిస్టరీ ఉంటాయి. బీఏలో అది మూడో వంతుకి కాస్త అటూ ఇటూ, మిగతాదంతా వేరే సబ్జెక్టులు. ఆ "ప్రీ" అంటే ఏమిటో రెండో ఏడాది చివర్లో తెలిసింది: పోర్ట్‌ఫోలియో రివ్యూ, అంటే అప్పటిదాకా చేసిన పనులన్నీ చూసి ఎంపిక చేసే గండం దాటితే బీఎఫ్ఏ, లేకపోతే బీఏతో సర్దుకోవడం. రివ్యూ పెట్టడం తప్పని అనను, మంచి కాలేజీల్లోనూ ఉంటుంది. కానీ మా బ్యాచ్‌లో 26 మందిమి, లోపల ఉన్న జాగాలు 10. ఆ 10 అనే అంకె ఫీజు కట్టించుకున్న రోజు ఎవరి నోటా రాలేదు.

ఇక సెరామిక్స్. మట్టితో పాత్ర చేసి ఆరబెట్టాక మొదట బిస్క్ ఫైరింగ్, అంటే తొలి కాల్పు చేస్తారు, దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ తర్వాత గ్లేజ్ (కాలాక గాజులా మెరిసే పూత) పూసి మళ్లీ కాలుస్తారు, స్టోన్‌వేర్ అనే గట్టిరకం పాత్రలైతే 1200 దాటాలి. కాలనంతవరకు అది ఎంత ఎండినా పాత్ర కాదు, ఉత్త మట్టే, నీళ్లు తగిలితే మళ్లీ బురదైపోతుంది. మా కిల్న్‌లో, అంటే పాత్రలు కాల్చే కొలిమిలో, వేడినిచ్చే ఎలిమెంటు కాలిపోయింది. "పార్టు ఆర్డర్ పెట్టాం" అన్నారు. వారాలు గడిచాయి, సెమిస్టర్ గడిచింది, ఆ పార్టు ఏ దేశం నుంచి నడిచి వస్తోందో గానీ రాలేదు. నావి పదకొండు ముక్కలు అరలో వరుసగా ఎదురుచూస్తున్నాయి. సెలవుల్లో అర మీది పైపు కారింది. తిరిగొచ్చి చూస్తే నా కూజా ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద, అందులోంచి పైకి పొడుచుకొచ్చిన పిడి, పిడి మీద ఇంకా చెరగని నా బొటనవేలి ముద్ర. ఆ సెమిస్టర్‌కి సెరామిక్స్ ల్యాబ్ ఫీజు పైసాతో సహా తీసుకున్నారు. గ్రేడ్ మాత్రం "ఏ" ఇచ్చారు. ఏం చూసి ఇచ్చారో నాకిప్పటికీ అంతుపట్టదు.

కిల్న్ బాగుచేయాల్సిన స్టూడియో టెక్నీషియన్ మేం చేరిన ఏడాదే మానేశాడట, ఆ పోస్టు మళ్లీ నింపలేదు. 1919లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే ఆర్ట్ స్కూల్ తెరిచినవాళ్లు వర్క్‌షాపుల్లో రూపం గురించి చెప్పే ఆర్టిస్టుతో పాటు చేతిపని నేర్పే పనివాణ్ని కూడా పెట్టారు. ఈ సంగతి మాకు ఫౌండేషన్ క్లాసులో స్లైడ్ వేసి మరీ చెప్పారు. పక్కగదిలో ఎచింగ్ ప్రెస్ (లోహపు పలక మీద చెక్కిన బొమ్మని కాగితం మీద అచ్చువేసే యంత్రం) రోలర్‌కి తుప్పు పట్టి ఉంది, దాని ఫెల్ట్ దుప్పట్లు మూలన మడతపెట్టి ఉన్నాయి, వాడటం తెలిసిన మనిషి లేడు. అందుకే మీరు వెళ్లినప్పుడు ప్రొఫెసర్ల అవార్డుల గురించి తర్వాత వినొచ్చు, ముందు టెక్నీషియన్ ఎవరు, వారానికి ఎన్ని రోజులు ఉంటారు అని అడగండి. నీళ్లు నమిలారంటే అక్కడ యంత్రాలు బొమ్మలుగా మిగిలాయని లెక్క.

టైటిల్‌లో పెట్టిన విషయానికొస్తా. స్టూడియో కోర్సు మూడు క్రెడిట్లంటే లెక్చర్ క్లాసులా వారానికి మూడు గంటలు కూర్చుని వచ్చేది కాదు. చాలాచోట్ల దానికి దాదాపు రెట్టింపు గంటలు గదిలో ఉండాలి, ఆ పైన సొంత పని. ఆ సొంత పని ఎక్కడ చేయాలి? మా స్టూడియోకి సాయంత్రం ఆరింటికి తాళం. హాస్టల్లో ఆయిల్ పెయింట్ వాడొద్దన్నారు, అది న్యాయమైన రూలే. తడి కాన్వాసు చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చున్న సాయంత్రాలు నాకు చాలా ఉన్నాయి.

తాళం తీసి ఉన్నప్పుడైనా సుఖం లేదు. పెయింటింగ్ స్టూడియో బేస్‌మెంటులో, కిటికీల్లేవు, టర్పెంటైన్ వాసనకి గంటలో తలనొప్పి పట్టుకునేది. లిన్‌సీడ్ ఆయిల్ అంటిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేక వాటంతటవే అంటుకోవచ్చు. వాటికోసం మూతపడే లోహపు డబ్బా ఉండాలి. మాకు అట్టపెట్టె ఉండేది. స్టూడియోలోకి అడుగుపెట్టగానే ఆ డబ్బా కోసం వెతకండి, అది లేదంటే మిగతా జాగ్రత్తలు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

కిట్ పేరుతో ఇంకో చిన్న బాదుడు. కాలేజీ స్టోర్‌లోనే కొనాలన్నారు, ఆర్టిస్ట్ గ్రేడ్ ధర వేశారు. ట్యూబు మీద "కాడ్మియం రెడ్ హ్యూ" అని ఉంది. "హ్యూ" అంటే ఆ రంగులా కనిపించేదే గానీ అసలు పిగ్మెంటు (రంగునిచ్చే పొడి) కాదు. అసలైన కాడ్మియం రెడ్‌కి ట్యూబు వెనక పీఆర్ 108 అనే కోడ్ ఉంటుంది. నేర్చుకునేటప్పుడు హ్యూ వాడితే నష్టమేమీ లేదు, పైగా అందులో కాడ్మియం అనే విషపు లోహం ఉండదు. హ్యూ ఇచ్చి అసలు ధర తీసుకోవడమే నాకు మండింది. ట్యూబు తిప్పి కోడ్ చదవడం అలవాటు చేసుకోండి. అన్నట్టు పీఆర్ 83 అని ఉన్న అలిజరిన్ క్రిమ్సన్‌తో పోర్ట్‌ఫోలియో ముక్కలు వేయకండి, పల్చగా వేస్తే వెలుతురుకి వెలిసిపోతుంది.

ఇవన్నీ భరించేదాన్నేమో, క్రిట్ (క్రిటిక్, అంటే పనిమీద క్లాసులో జరిగే విమర్శ) బాగుంటే. మన పనిని గోడకి తగిలించి పదిమంది ముందు నిలబడటం, ఎక్కడ తప్పిందో ఎవరైనా చూసి చెప్పడం, ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తే దొరకనిది అదొక్కటే. మాకు రెండు గంటల్లో 26 మంది, అంటే మనిషికి ఐదు నిమిషాలు కూడా రాదు. రెండేళ్లలో పెయింటింగ్‌కి ముగ్గురు గెస్ట్ ఫ్యాకల్టీ మారారు, నా మొదటి సెమిస్టర్ పని చూసినవాళ్లు మూడో సెమిస్టర్‌లో లేరు. ఒక సార్ నా కాన్వాసు ముందు నిలబడి, ఫోన్ చూసుకుని, "ఎనర్జీ బాగుంది" అన్నారు. ఆరోజు ఆ మాట తొమ్మిది మందికి దక్కింది, నేను లెక్కపెట్టాను. సింకు దగ్గర కుంచెలు కడుగుతున్న సీనియర్ అక్క ఒకావిడ అదే కాన్వాసు చూసి, "నీడలన్నిట్లో నలుపు కలిపి చంపేశావు, నీడలో ఉన్న రంగు చూడు" అంది. నా రెండేళ్ల చదువు ఆ ఒక్క వాక్యం.

కాబట్టి చేరేముందు టూర్ రోజున కాకుండా మామూలు వారం రోజున, చీకటి పడ్డాక వెళ్లండి. సింకు చూడండి. పని జరిగే స్టూడియోలో సింకు ఎప్పుడూ మురికిగానే ఉంటుంది, తళతళలాడుతుంటే అనుమానించండి. ఎవరైనా మూడో ఏడాది విద్యార్థి దొరికితే పక్కకి పిలిచి, నిన్నటి క్రిట్‌లో నీకేం చెప్పారు అని అడగండి. కుదిరితే ఒక క్రిట్‌లో వెనక కూర్చుంటానని అనుమతి కోరండి. బీఎఫ్ఏలోకి ఎంతమందిని తీసుకుంటారో, రివ్యూ పోతే మళ్లీ అవకాశం ఉందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట మీద నేను నమ్మాను.

ఇప్పటికే ఇలాంటిచోట ఇరుక్కున్నవాళ్లు ప్రతి పనినీ పూర్తవగానే పగటి వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంకో కాలేజీకి మారాలంటే అడిగేది అవే. ప్రతి కోర్సు సిలబస్ కూడా సెమిస్టర్ మొదట్లోనే దింపుకుని దాచండి, ఆ కోర్సులో ఏం చేయించారో కొత్త కాలేజీవాళ్లు దాన్నిబట్టే చూస్తారు. నావి ఆరు స్టూడియో కోర్సులుంటే సిలబస్ చూపించగలిగిన రెండింటికే క్రెడిట్లు మారాయి. మిగతా నాలుగు ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను, సెరామిక్స్‌తో సహా.