మొదటి గిటారు యాంప్ ఏది మేలు: ట్యూబా, ట్రాన్సిస్టరా, మోడలింగా?

ఎలక్ట్రిక్ గిటారు కొన్నవారు సగం వాయిద్యమే కొన్నట్టు. యాంప్ లేకుండా తీగ మీటితే వచ్చేది దోమ రొదంత చప్పుడు. దాని అసలు గొంతు యాంప్లిఫయర్‌లో ఉంటుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కచేరీ విన్నవారికి ఈ సంగతి బాగా తెలుసు. జంట తీగల మామూలు మాండొలిన్‌లో నాదం మీటిన వెంటనే ఆరిపోతుంది, గమకానికి చాలదు. ఆయన అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాక ఆ నాదం నిలిచింది, దాని మీద కర్ణాటక రాగాలు సాగాయి. తీగకూ చెవికీ నడుమ ఉన్న పెట్టె అంత పని చేస్తుంది. అయినా కొత్తగా నేర్చుకునేవారు గిటారు రంగు గురించి నెలలు ఆలోచించి, మిగిలిన డబ్బుకు దొరికిన యాంప్ తెచ్చుకుంటారు. మా అక్క కొడుకు కూడా అదే చేయబోతుంటే ఆపి, దుకాణానికి వెంట వెళ్లాను. అక్కడ విన్నవాటినీ, ఇన్నేళ్లుగా వాయిస్తూ తెలుసుకున్నవాటినీ కలిపి రాస్తున్నాను.

ముందు ఒక సందేహం. ఇంట్లోని హోమ్ థియేటర్‌కు గిటారు తగిలిస్తే సరిపోదా? సరిపోదు. తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే గిటారు పికప్ ఇచ్చేది చాలా సున్నితమైన సంకేతం. దాని మీద భారం పడకుండా గిటారు యాంప్ ఇన్‌పుట్‌ను సాధారణంగా 10 లక్షల ఓమ్‌ల నిరోధంతో చేస్తారు. మామూలు ఆడియో ఇన్‌పుట్‌లో అది చాలా తక్కువ కాబట్టి తీగల తళుకు పోయి శబ్దం మొద్దుబారుతుంది. స్పీకరు సంగతి మరొకటి. గిటారు స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. డిస్టార్షన్‌లో, అంటే ధ్వనిని కావాలనే చిట్లించినప్పుడు, పుట్టే గరుకును వడగట్టేది ఆ గుణమే. అన్ని స్థాయిలూ సమానంగా పలికే స్పీకరులో అదే శబ్దం కందిరీగల తుట్టె కదిపినట్టు వినిపిస్తుంది.

కొనేవారు మొదట అడిగేది వాట్లు. ఎక్కువ వాట్లు ఉంటే మంచి యాంప్ అనే నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. మన చెవి అలా లెక్కించదు. శక్తి పదింతలైతే చెవికి శబ్దం దాదాపు రెండింతలైనట్టు తోస్తుంది. అంటే అదే స్పీకరు మీద 50 వాట్ల యాంప్, 5 వాట్ల యాంప్ కంటే ఇంచుమించు రెట్టింపు బిగ్గరగా వినిపిస్తుంది, అంతే. అపార్ట్‌మెంటులో ఉండేవారికి 5 వాట్లే ఎక్కువ. వాట్ల కంటే ముందు స్పీకరు అంగుళాలు చూడండి. 6 అంగుళాల స్పీకరు సన్నగా, పెట్టెలోంచి మాట్లాడినట్టు పలుకుతుంది. 8 అంగుళాలలో మంద్ర తీగలకు కాస్త ఒళ్లు వస్తుంది. 12 అంగుళాలలో, వాల్యూమ్ తగ్గించినా, గిటారు గిటారులా ఉంటుంది.

ఇక రకాలకు వస్తే, గిటారు వాయించేవారి కలల్లోకి వచ్చేది ట్యూబ్ యాంప్. పాత వాల్వు రేడియో స్విచ్ వేసిన కాసేపటికి వేడెక్కి గొంతు విప్పేది. ఇందులో ఉండేవి అలాంటి వాల్వులే. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ తన దుకాణంలో చేయించిన తొలి యాంప్, అమెరికాలో ఫెండర్ కంపెనీ చేసిన బాస్‌మ్యాన్ నమూనా మీద తయారైంది. రాక్ సంగీతంలో మనం విన్న గిటారు ధ్వని చాలా వరకు ఈ వంశానిదే. వాల్వును దాని శక్తి అంచు దాకా తోసినప్పుడు స్వరం ఒక్కసారిగా చిట్లదు, మెల్లగా గరుకెక్కుతుంది. మృదువుగా మీటితే తేటగా, గట్టిగా మీటితే గర్జనగా, వేళ్ల బలాన్ని బట్టి మారుతుంది. ఆ అనుభవం నిజంగా గొప్పది, దాన్ని తక్కువ చేయను.

కానీ ఆ అందం వాల్యూమ్ పెంచినప్పుడే పూర్తిగా వస్తుంది. ఫెండర్ బ్లూస్ జూనియర్ 15 వాట్లదే, అయినా దాన్ని పడకగదిలో అది కోరినంత పెంచితే పక్క ఫ్లాటువారు తలుపు తడతారు. ధర ఎక్కువ, బరువు ఎక్కువ, వాల్వులు అరిగినప్పుడు మార్చాలి. లోపల వందల వోల్టులుంటాయి. ప్లగ్ తీసేసిన తరువాత కూడా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉండవచ్చు, కాబట్టి ఇంట్లో విప్పి చూసే వస్తువు కాదు. ఇది రెండో యాంప్‌గా కొనదగినది. మొదటిదిగా వద్దు.

వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్లతో పనిచేసే యాంప్‌లను చిన్నచూపు చూసేవారున్నారు. వారు ఒకసారి రోలాండ్ జాజ్ కోరస్ 120 వినాలి. 1975లో వచ్చిన ఆ యాంప్‌లో వాల్వే లేదు, తేటగా పలికే ధ్వనికి అది నేటికీ కొలమానం. నేర్చుకునేవారి స్థాయిలో ఈ కుటుంబం నుంచి నాకు నచ్చినది ఆరెంజ్ క్రష్ 20. 20 వాట్లు, 8 అంగుళాల స్పీకరు, తేట ధ్వనికి ఒక చానెల్, గరుకుకు మరొకటి, హెడ్‌ఫోన్ రంధ్రం. తెర లేదు, మెనూ లేదు. నాబ్ తిప్పితే ఏం మారిందో వెంటనే చెవికి తెలుస్తుంది. ఇంకా చవకగా కావాలంటే ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జీ ఉంది, 10 వాట్లు, 6 అంగుళాలు. గిటారుతో కలిపి అమ్మే కట్టల్లో తరచూ కనిపించే తరహా ఇది. మొదటి మూడు నెలలకు పనికివస్తుంది. ఆ తరువాత చెవి పదును తేలిన పిల్లలు దాన్ని పక్కన పెట్టేయడం చూశాను.

మోడలింగ్ యాంప్ అంటే పేరున్న యాంప్‌ల స్వభావాన్ని డిజిటల్‌గా అనుకరించేది. లైన్ 6 కంపెనీ 1996లో ఇలాంటిది తెచ్చినప్పుడు అది ఖరీదైన వింత. ఇప్పుడు నేర్చుకునేవారి గదిలోకే వచ్చింది. ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ25లో 25 వాట్లు, 8 అంగుళాల స్పీకరు, చిన్న రంగుల తెర, పదుల కొద్దీ సిద్ధం చేసిన ధ్వనులు ఉంటాయి. బాస్ కంపెనీ కటానా 50లో 50 వాట్లు, 12 అంగుళాల స్పీకరు.

దుకాణంలో మావాడు ముందు మస్టాంగ్ దగ్గర కూర్చున్నాడు. అరగంట గడిచింది, ధ్వనులు మారుతున్నాయి తప్ప ఒక్క వరస కూడా పూర్తిగా వాయించలేదు. ఈ తరహా యాంప్‌లతో నా భయం ఇదే. ప్రతిధ్వని, గరుకు నిండిన ధ్వని వెనుక వేళ్ల తప్పులు దాక్కుంటాయి. తీగను సరిగ్గా అదమకపోయినా, పక్క తీగ మోగుతున్నా, వాయించేవారికి తెలియదు. కొత్తవారికి అద్దంలా తప్పు చూపించే యాంప్ కావాలి. అందుకే నేను క్రష్ 20 కొనిపించాలనే ఉద్దేశంతో వెళ్లాను.

కటానా దగ్గర నా ఆలోచన మారింది. దానికి శక్తిని 50, 25, అర వాట్లుగా మార్చే ఏర్పాటుంది. అర వాట్‌లో పెట్టి, తేట ధ్వని ఎంచుకుని, గరుకును పెంచే గెయిన్ నాబ్ తగ్గించి వాయించమన్నాను. మాటలు వినిపించేంత మెల్లగా ఉన్నా, 12 అంగుళాల స్పీకరు వల్ల స్వరంలో నిండుతనం ఉంది. ప్రతి తప్పూ స్పష్టంగా వినిపించింది. క్లీన్, క్రంచ్, లీడ్ వంటివి నాబ్‌తోనే మారతాయి, తెరతో పని లేదు. ఒకటి రెండేళ్ల తరువాత స్నేహితులతో కలిసి డ్రమ్స్ పక్కన వాయించాల్సి వస్తే 50 వాట్లు అందుబాటులో ఉంటాయి. క్రష్ 20 డ్రమ్స్ ముందు నిలబడలేదు. ధర ఎక్కువే, మోయడానికి 11 కిలోలకు పైగా బరువు. డబ్బు అంతదాకా వస్తే నా ఓటు కటానాకే, రాకపోతే క్రష్ 20కి. మస్టాంగ్ మూడోది. అది చెడ్డదని కాదు, కొత్తవారిని వాయించనీయకుండా ఆటలోకి లాగుతుందని. కటానా కొన్నా సరే, మొదటి మూడు నెలలు తేట ధ్వని దాటకూడదని మావాడి దగ్గర మాట తీసుకున్నాను.

హాస్టల్లో, చిన్న అద్దె గదిలో ఉండేవారి లెక్క వేరు. 2011లో యమహా తెచ్చిన టీహెచ్‌ఆర్ 10 తరహా బల్ల మీది యాంప్‌లను తక్కువ వాల్యూమ్ కోసమే రూపొందించారు. అవి అందంగా పలుకుతాయి, ధర మాత్రం మొదటి యాంప్‌కు ఎక్కువే. వాక్స్ యాంప్లగ్ అయితే నేరుగా గిటారులోకి గుచ్చి హెడ్‌ఫోన్‌లో వినేది, రెండు చిన్న బ్యాటరీలు చాలు. అర్ధరాత్రి సాధనకు ఇది బాగుంటుంది, కానీ గదిలో గాలి కదిలించే స్పీకరుకు ప్రత్యామ్నాయం కాదు. ఒక జాగ్రత్త: మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడకండి. మీటిన తరువాత క్షణం ఆలస్యంగా వినిపించి తాళం చెడుతుంది. తీగ ఉన్నదే వాడాలి.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవాలనుకునే తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. నా మిత్రుడు అలా వచ్చిన యాంప్‌ను ప్లగ్ ఆకారం మార్చే ముక్క పెట్టి ఇక్కడ గోడకు తగిలించాడు. పొగ వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. ప్లగ్ మారిస్తే వోల్టేజి మారదు. అడాప్టర్ మీద 100–240 వోల్టులని ముద్రించి ఉంటే భయం లేదు. లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, అంత బరువూ ఖర్చూ పెట్టేకంటే ఇక్కడ కొనడమే నయం. ఎర్త్ లేని సాకెట్ వద్దు, అది హమ్మును పెంచడమే కాదు, ప్రమాదం కూడా. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు, చవక ఇన్వర్టర్లు కూడా యాంప్‌లో బుర్రుమనిపిస్తాయి. కొత్త యాంప్ గుయ్యిమంటే దాన్ని తిట్టేముందు ఒకసారి ఫ్యాన్ ఆపి చూడండి.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీ గిటారు మీరే తీసుకువెళ్లండి, అక్కడి ఖరీదైన గిటారుతో ఏ యాంప్ అయినా బాగానే ఉంటుంది. అమ్మేవారు బిగ్గరగా, గరుకు నింపి వాయించి చూపిస్తారు. వినయంగా ఆపించి, ఇంట్లో పెట్టుకునేంత వాల్యూమ్‌లో, తేట ధ్వనిలో, మీకు వచ్చిన ఒకే ఒక్క వరసను, మీరు పోల్చుతున్న యాంప్‌లన్నిటి మీదా వాయించండి. హెడ్‌ఫోన్ పెట్టి మళ్లీ వాయించండి, కొన్నిటిలో అక్కడ శబ్దం పలుచబడుతుంది. ఆఖరున చేయి తీగల మీద ఆనించి, ఏమీ వాయించకుండా, ఒక నిమిషం అలాగే వినండి. ఆ నిమిషంలో వినిపించే బుసబుసలే రేపు మీ గదిలో రోజూ వినిపిస్తాయి.