గ్యాస్ చెకింగ్ అంటూ వచ్చి ‘సేఫ్టీ డివైజ్’ అంటగట్టేవాళ్లతో జాగ్రత్త

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్‌లో జరిగిన సంగతి ఇది. మీ ఇంట్లో పగటిపూట పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటారంటే ముందు వాళ్లకి చదివి వినిపించండి. ఎందుకంటే ఈ బేరం జరిగేది వాళ్లతోనే.

మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మెడలో ట్యాగులు, చేతిలో ట్యాబ్, ఇన్ చేసిన నీలం చొక్కాలు. “అమ్మా, గ్యాస్ కంపెనీ నుంచి వచ్చాం. కంపల్సరీ చెకింగ్. చేయించుకోకపోతే వచ్చే నెల నుంచి బండ రాదు” అన్నారట మా అత్తయ్యతో. బండ రాదనే మాట చాలు, ఎవరైనా తలుపు తీస్తారు. వంటింట్లోకి రాగానే గ్యాస్ పైపుని చటుక్కున మడిచి, “చూడండమ్మా, పగుళ్లు” అన్నారు. అలా మడిస్తే ఏ రబ్బరు పైపు మీదైనా గీతలు కనిపిస్తాయి. అత్తయ్య ఇంకా ఆలోచిస్తుండగానే బ్లేడు తీసి పైపు కోసేశారు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పైపు తెగాక సాయంత్రం వంట ఎలా? వాళ్ల దగ్గరున్నది కొనక తప్పదు. కోసిన ముక్కలు కూడా సంచిలో వేసుకుని పోయారు. ఆ పైపు గడువు ఇంకా చాలా ఉందని తర్వాత చూపిద్దామన్నా చేతిలో ఏమీ మిగల్లేదు.

కొత్త పైపుతో పాటు బండకీ రెగ్యులేటర్‌కీ మధ్య ఒక ‘సేఫ్టీ డివైజ్’ బిగించారు. ఇత్తడి రంగులో గుండ్రంగా ఉంది, పైన చిన్న మీటరు, దాంట్లో ఆకుపచ్చ, ఎరుపు గీతలు. గ్యాస్ లీకైతే దానంతటదే ఆగిపోతుందట, బండలో ఎంత గ్యాస్ మిగిలిందో ముల్లు చూపిస్తుందట, పైగా నెలకి ఇన్ని రోజులు గ్యాస్ ఆదా అట. మొత్తం 3,400 రూపాయలు. రసీదు మీద ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని ఉంది. కింద కనపడీ కనపడని అక్షరాల్లో ‘ఒకసారి అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు’ అని కూడా.

సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాసన. రెగ్యులేటర్ ఆపేశాను. కిటికీలు, బాల్కనీ తలుపు తీసినా వాసన తగ్గలేదు. అందరం బయటికి వచ్చేసి, లైటు వేయకుండా, కిందికి దిగి 1906కి ఫోన్ చేశాం. గ్యాస్ లీకుల కోసం రాత్రీ పగలూ పనిచేసే నంబరు ఇది, ఏ కంపెనీ కనెక్షన్ అయినా ఇదే. గంటలోపే ఏజెన్సీ మెకానిక్ వచ్చాడు.

అతను స్పాంజితో సబ్బు నురగ తీసి ఆ డివైజ్ చుట్టూ రాశాడు. పై భాగంలో ఏమీ లేదు. డివైజ్ బండ మీద కూర్చున్న చోట మాత్రం సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి ఉబ్బుతూ పగులుతున్నాయి. దాన్ని ఊడదీసి, బండ వాల్వు లోపలున్న నల్ల రబ్బరు వాషర్‌ని పిన్నుతో బయటికి లాగి చూపించాడు. బలవంతంగా నొక్కి కూర్చోబెట్టడంతో ఒక పక్క నలిగి చీలింది. రెగ్యులేటర్ ఆపినా వాసన ఎందుకు ఆగలేదో అప్పుడు అర్థమైంది. లీకు రెగ్యులేటర్ కింద ఉంది. పైన ఎంత తిప్పితే మాత్రం ఏం లాభం?

అతనికి టీ ఇచ్చి నేను అడిగి తెలుసుకున్నవి, తర్వాత చదువుకున్నవి కలిపి రాస్తున్నాను. మన పొయ్యి దగ్గరికి వచ్చే గ్యాస్ ఒత్తిడి 30 మిల్లీబార్లే, చాలా తక్కువ. అంత తక్కువకి దించే పనే రెగ్యులేటర్‌ది. దానికి ముందు, అంటే బండలో, ఒత్తిడి వంద రెట్లకు పైమాటే. ఈ డివైజ్‌ని సరిగ్గా అక్కడ, ఎక్కువ ఒత్తిడి ఉన్న వైపు బిగిస్తారు. ఒక జాయింటు ఉండాల్సిన చోట రెండు జాయింట్లు చేస్తారు. దానికి సేఫ్టీ అని పేరు!

ఆదా మాట వట్టిది. ఇక మీటరు సంగతి వింటే నవ్వొస్తుంది. బండలో ప్రొపేన్, బ్యూటేన్ ద్రవంగా ఉంటాయి. ఆ ద్రవం కాస్త మిగిలున్నంత వరకు ఒత్తిడి దాదాపు ఒకేలా ఉంటుంది, ఎండా చలీ బట్టి మారుతుంది తప్ప ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి కాదు. నిండు బండకైనా, రేపు అయిపోయే బండకైనా ముల్లు ఒకే చోట. డిసెంబరు తెల్లవారుజామున మాత్రం నిండు బండకి కూడా కిందికి దిగుతుంది. లీకైతే ఆగిపోతుందన్నది కూడా పైపు పూర్తిగా ఊడిపోయి గ్యాస్ ఒక్కసారిగా తన్నుకొస్తే ఏమో గానీ, సన్నటి లీకుని అది పట్టుకోదు. తన కిందే కారుతున్న లీకు దానికి తెలిసే దారే లేదు.

ఆ గ్యాస్ గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీదే పరుచుకుని గట్టు కింద, మూలల్లో నిలుస్తుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు చేరితే చాలు, అంటుకుంటుంది. స్విచ్ వేసినా ఆపినా వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. వంటింటి పక్కనే దేవుడి గది, అందులో దీపం ఉండే ఇళ్లు మనవి. అగ్గిపుల్ల గీసి లీకు వెతికే పెద్దలు ఇంకా ఉన్నారు, వాళ్లకి దండం పెట్టైనా ఆ అలవాటు మాన్పించండి. సబ్బు నీళ్లు చాలు.

వాళ్లు వేసిన పైపు గురించి కూడా చెప్పాలి. దూరం నుంచి అచ్చం ఏజెన్సీ ఇచ్చే నారింజ రంగు పైపే. మీద ఐఎస్ఐ గుర్తూ ఉంది. బొటనవేలికి తడి చేసి రుద్దితే గుర్తు వేలికంటుకుంది! అసలు పైపులో లోపల స్టీలు తీగ అల్లి ఉంటుంది, మీద ఐఎస్ 9573 అనే ప్రమాణం నంబరు, తయారైన సంవత్సరం చెరగకుండా ఉంటాయి. ఐదేళ్లు వాడొచ్చు. మా ఏజెన్సీ కొత్తది రెండు వందల లోపే ఇచ్చింది, బిల్లుతో సహా.

ఏజెన్సీ వాళ్లని అడిగితే ఆ రోజు మా వీధికి ఎవర్నీ పంపలేదన్నారు. వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాసిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. కింద ఫ్లోర్ పిన్నిగారింట్లో కూడా అదే డివైజ్ బిగించి ఉంది, ఆవిడ మీటరు చూసి మురిసిపోతున్నారు పాపం. మెకానిక్ చేత అదీ తీయించాం.

నిజంగా తనిఖీకి వచ్చేవాళ్లు లేరని కాదు. ఏజెన్సీ మెకానిక్‌లు వస్తారు, బండ తెచ్చే అబ్బాయి కూడా పైపు, రెగ్యులేటర్ చూసి వెళ్తుంటాడు. తేడా కనిపెట్టడం సులువే. వచ్చినవాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి, గ్యాస్ పుస్తకం మీదున్న ఏజెన్సీ నంబరుకి మీరే ఫోన్ చేయండి. వాడు తన ఫోన్ కలిపి “మా సార్‌తో మాట్లాడండి” అని ఇస్తే తీసుకోవద్దు. ఏజెన్సీ మనిషైతే ఆగుతాడు. మా ఇంటికి వచ్చినవాళ్ల లాంటి మోసగాళ్లైతే “పక్క వీధి చూసుకుని వస్తాం” అంటారు, మళ్లీ రారు.

రెగ్యులేటర్ కూడా ఎప్పుడూ బయట కొనొద్దు. కనెక్షన్‌తో పాటు ఏజెన్సీ ఇచ్చేది అదే, చెడిపోతే మార్చేదీ వాళ్లే. ఇంకో విషయం చాలామందికి తెలియదు. గ్యాస్ ప్రమాదాలకి చమురు కంపెనీలు తీసుకునే బీమా ఉంది, మనం విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు. ఐఎస్ఐ లేని పైపు, ఏజెన్సీ ఇవ్వని సామాను తగిలించుకుంటే, రేపు విచారణకి వచ్చినవాళ్లు వేలెత్తి చూపడానికి మనమే అవకాశం ఇచ్చినట్టు.

మా డబ్బు ఇంకా రాలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాం, రసీదు, డివైజ్ ఫొటోలతో పోలీస్ స్టేషన్‌లో కూడా ఇచ్చాం. మీ ఇంట్లో ఇప్పటికే ఇలాంటిది బిగించి ఉంటే మీరే లాగి ఊడదీయొద్దు, కింద వాషర్ ఏ స్థితిలో ఉందో పైకి తెలియదు. ఏజెన్సీ మెకానిక్‌ని పిలిపించి తీయించండి, వాషర్ మార్పించండి, సబ్బు నురగతో మీ ఎదురుగానే చూపించమనండి. ఆ డివైజ్‌ని, రసీదుని మాత్రం పారేయకండి, ఫిర్యాదుకి పనికొస్తాయి.