ఆఫీసు ఫైర్‌వాల్ దాటి లాగిన్ కావడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్: వాడేవాళ్ల కోసం ఒక రివ్యూ

ఇంటి నుంచి ఆఫీసు సర్వర్‌లోకి వెళ్లాలి అనగానే చాలామంది వీపీఎన్ (మన కంప్యూటర్‌ని మొత్తంగా ఆఫీసు నెట్‌వర్క్‌లో కలిపే పద్ధతి) అంటారు. పనంతా టెర్మినల్‌లోనే (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఉండేవాళ్లకి అంత దూరం అక్కర్లేదు, వేరే కంప్యూటర్‌లోకి ఎన్‌క్రిప్షన్‌తో సురక్షితంగా లాగిన్ చేయించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ చాలు. ఉచితం, మ్యాక్‌లో ముందే ఉంటుంది, లినక్స్‌లో దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది, విండోస్ 10లో కూడా 2018 నుంచి క్లయింట్ దానంతట అదే వస్తోంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు 1999లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ అంత శ్రద్ధగా కొనసాగుతుండటం నాకు చాలా ఇష్టమైన విషయం.

నేను దీనికి ఎక్కువ మార్కులు వేసేది ప్రాక్సీజంప్ కోసం, అంటే మధ్యలో ఉన్న ఒక మెషీన్ గుండా లోపలి సర్వర్‌కి తీసుకెళ్లే సెట్టింగ్ కోసం. చాలా ఆఫీసుల్లో లోపలి సర్వర్లేవీ బయటికి కనిపించవు, ఫైర్‌వాల్‌లో (బయటి కనెక్షన్లని అడ్డుకునే కాపలాలో) ఒకే ఒక్క మెషీన్‌కి 22వ పోర్టు (ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా వాడే ద్వారం) తెరిచి ఉంచుతారు, దాన్నే జంప్ హోస్ట్ లేదా బాస్టియన్ అంటాం. ముందు అందులోకి లాగిన్ అయి, అక్కడి నుంచి మళ్లీ లోపలి సర్వర్‌కి లాగిన్ కావడం పాత పద్ధతి. దానికోసం కొందరు ప్రైవేట్ కీని (పాస్‌వర్డ్‌కి బదులు మనల్ని గుర్తించే రహస్య ఫైల్‌ని) తీసుకెళ్లి జంప్ హోస్ట్‌లో పెట్టేస్తారు, ఇంకొందరు ఏజెంట్ ఫార్వార్డింగ్ (మన ల్యాప్‌టాప్‌లో కీని పట్టుకుని ఉండే ఏజెంట్ అనే ప్రోగ్రామ్‌ని అక్కడి నుంచి కూడా వాడుకోనివ్వడం) ఆన్ చేస్తారు. రెండూ ప్రమాదమే. ఏజెంట్ ఫార్వార్డింగ్‌లో కీ మన ల్యాప్‌టాప్ దాటి పోదు, నిజమే, కానీ మనం కనెక్ట్ అయి ఉన్నంతసేపు ఆ మెషీన్‌లో రూట్ అధికారం (అన్నిటిపైనా పెత్తనం) ఉన్నవాళ్లెవరైనా మన ఏజెంట్‌ని వాడుకుని మన పేరుతో వేరే సర్వర్లకి వెళ్లొచ్చు. 2016లో 7.3 వెర్షన్‌తో వచ్చిన ప్రాక్సీజంప్‌తో ఈ తలనొప్పి పోయింది. జంప్ హోస్ట్ కేవలం ఎన్‌క్రిప్ట్ అయిన డేటాని అటూ ఇటూ పంపుతుంది, అసలు లాగిన్ మన ల్యాప్‌టాప్‌కీ లోపలి సర్వర్‌కీ మధ్యే నేరుగా జరుగుతుంది. ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ సర్వర్‌కి ఒక పేరు పెట్టి, కింద ప్రాక్సీజంప్ లైను ఒకటి రాసుకుంటే గిట్, ఆర్‌సింక్, ఎస్‌సీపీ లాంటి కోడ్, ఫైళ్లు పంపే టూల్స్ అన్నీ ఆ పేరుతోనే పనిచేస్తాయి.

కీ విషయంలో ఈడీ25519 రకం తీసుకోండి, పాస్‌ఫ్రేజ్ (ఆ కీకి పెట్టే పాస్‌వర్డ్) తప్పకుండా పెట్టండి. 8.2 వెర్షన్ నుంచి యూఎస్‌బీ సెక్యూరిటీ కీలు (లాగిన్‌కి గుర్తింపుగా పెట్టుకునే చిన్న పరికరాలు) కూడా పనిచేస్తున్నాయి, ఆఫీసు కొనిస్తే వదులుకోకండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కాసేపు ఏమీ టైప్ చేయకపోతే ఫైర్‌వాల్ ఆ కనెక్షన్‌ని చెప్పాపెట్టకుండా తన లెక్కలోంచి తీసేస్తుంది, తిరిగొచ్చి చూస్తే టెర్మినల్ బిగుసుకుపోయి ఉంటుంది. దీనికి అప్పుడప్పుడూ సర్వర్‌ని పలకరించి కనెక్షన్‌ని బతికించే సర్వర్అలైవ్‌ఇంటర్వల్ అనే సెట్టింగ్ ఉంది కానీ మామూలుగా అది సున్నా, అంటే ఆఫ్. 60 (సెకన్లు) అని పెట్టుకోండి, దాంతోపాటు సర్వర్‌లో టీమక్స్ (తెగినా మన సెషన్‌ని సర్వర్‌లోనే నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) వాడితే నెట్ పోయినా పని పోదు. మోష్ (నెట్ తెగినా మళ్లీ కలుసుకునే ఇలాంటి లాగిన్ ప్రోగ్రామ్) ఇంకా బాగుంటుంది కదా అని కొందరంటారు, అది మామూలుగా 60000 నుంచి 61000 మధ్య యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి) పోర్టులు వాడుతుంది, అవి తెరవమంటే ఒప్పుకునే నెట్‌వర్క్ టీములు తక్కువ.

ఎర్రర్ మెసేజ్‌లు కొత్తవాళ్లకి అసలు అర్థం కావు. టైమ్డ్ అవుట్ అని వస్తే చాలాసార్లు ఫైర్‌వాల్ మన ప్యాకెట్లని మింగేస్తోందని. రిఫ్యూజ్డ్ అంటే సాధారణంగా మెషీన్ దాకా చేరాం, అక్కడ ఆ పోర్టులో వినేవాడు లేడు. పర్మిషన్ డినైడ్ అంటే ఫైర్‌వాల్ దాటేశాం, గొడవంతా కీ దగ్గరో యూజర్ పేరు దగ్గరో ఉంది. ఈ తేడా తెలిస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఇంకొకటి, మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు ఆ సర్వర్ ఫింగర్‌ప్రింట్ (సర్వర్‌ని గుర్తుపట్టే అక్షరాల వరుస) చూపించి సరేనా అని అడుగుతుంది, దాదాపు అందరూ చూడకుండానే ఎస్ కొట్టేస్తారు. అప్పటికే మధ్యలో ఎవడైనా దొంగ సర్వర్ పెట్టి ఉంటే పట్టుకునే మంచి అవకాశం ఆ క్షణంలోనే, కాబట్టి ముందే అడ్మిన్‌ని అడిగి ఆ ఫింగర్‌ప్రింట్ తెచ్చుకుని పోల్చి చూడండి.

రివర్స్ టన్నెల్‌తో (లోపలి మెషీనే బయటికి కనెక్ట్ అయి, ఆ దారినే బయటి నుంచి లోపలికి రానివ్వడంతో) ఆఫీసు లోపలి నుంచి బయటికి దారి తీసుకోవచ్చు, సాంకేతికంగా చాలా సులువు. అనుమతి లేకుండా చేయొద్దని మాత్రం గట్టిగా చెప్తాను, ఫైర్‌వాల్‌కి మీరే కన్నం పెట్టినట్టవుతుంది, ఉద్యోగం కూడా పోవచ్చు. జంప్ హోస్ట్ లేకపోతే ఒకటి ఏర్పాటు చేయమని అడగండి. అది వచ్చాక అప్‌డేట్లు ఎవరు చూస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి, ఎందుకంటే 2024 జులైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో బయటపడిన రెగ్రెషన్ అనే లోపంతో లినక్స్ సర్వర్లలోకి పాస్‌వర్డ్ లేకుండానే రూట్‌గా చొరబడే అవకాశం ఉండేది, 9.8 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు.