మాల్టా వెళ్తే బీచ్‌లు తర్వాత, ముందు వాలెట్టా చూడండి

మాల్టా అనగానే అందరూ నీలం నీళ్ల ఫొటోలే పెడతారు గానీ, నన్నడిగితే అక్కడ పెట్టిన డబ్బులు గిట్టేది చరిత్ర చూడ్డానికే. మేం అక్టోబర్‌లో వెళ్లాం, పగలు టీషర్ట్ సరిపోయింది, సముద్రం కూడా ఇంకా వెచ్చగానే ఉంది. జులై, ఆగస్టుల్లో మాత్రం ఆ సున్నపురాయి గోడల మధ్య నడవడం నరకమే, చెట్ల నీడ కూడా పెద్దగా ఉండదు.

1565లో ఆటోమన్ తుర్కుల ముట్టడిని తట్టుకుని, మరుసటేడే నైట్స్ (అప్పట్లో మాల్టాని ఏలిన క్రైస్తవ యోధుల సంఘం) పునాది వేసిన ఊరు వాలెట్టా, ఇప్పటి రాజధాని. అక్కడి సెయింట్ జాన్స్ కో-కేథడ్రల్ చర్చి బయటనుంచి చూస్తే ఓస్ ఇంతేనా అనిపిస్తుంది, లోపలికెళ్లాక నోట మాట రాదు. నేలంతా రంగురాళ్లు పొదిగిన సమాధి పలకలే, వాటిమీద పుర్రెలు, అస్థిపంజరాలు, అవి గీసుకుపోతాయని సన్నటి హీల్స్ వేసుకొస్తే రానివ్వరు. ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1608లో వేసిన పెద్ద బొమ్మ కూడా ఇక్కడే, బాప్తిస్మమిచ్చే యోహాను తల నరికే సీను, కారిన నెత్తుట్లోనే సంతకం పెట్టాడు మహానుభావుడు. ఆయన సంతకం ఉన్న బొమ్మ ఇదొక్కటేనట.

బస మేం స్లీమాలో చేశాం, ఎదురుగా వాలెట్టాకి ఫెర్రీ ఉంటుంది కాబట్టి బస్సుల గోల తప్పింది. హోటల్ వాడు సీ వ్యూ అన్నాడు, బాల్కనీ మూలకెళ్లి మెడ సాచితే ఓ ముక్క కనపడింది లెండి. మన ప్లగ్గులు పట్టవు, బ్రిటిష్ అడాప్టర్ పట్టుకెళ్లండి. బస్సులు చవకే, కానీ నిండితే స్టాపులో ఆపకుండా పోతాయి.

గోజో దీవి ఫెర్రీకి టికెట్ తిరుగు ప్రయాణంలోనే తీసుకుంటారు, వెళ్లేటప్పుడు అడగరు, కంగారు పడకండి. అక్కడి జ్గంతియా గుళ్లు పిరమిడ్ల కన్నా పాతవి, ఆ బండల్ని చేతుల్తో ఎలా లేపారో ఏమో! పాత ఫొటోల్లో ఉండే రాతి కిటికీ, అదే అజూర్ విండో, 2017లోనే కూలిపోయింది, దానికోసం మాత్రం వెళ్లకండి. కొమీనో దీవిలోని బ్లూ లగూన్‌లో నీళ్లు అద్భుతమే గానీ కాలు పెట్టే చోటు లేదు, నేనైతే మళ్లీ వెళ్లను.

వెజ్ వాళ్లకి బఠాణీ పస్టిత్సీ (మన పఫ్ లాంటిది) చవగ్గా కడుపు నింపుతుంది, పిండిలో పంది కొవ్వు కలిపారేమో మాత్రం అడిగి తినండి. హైపోజియం భూగర్భ సమాధులు చూడాలనుంటే ఫ్లైట్ కంటే ముందు ఆ టికెట్ బుక్ చేసుకోండి, రోజుకి 80 మందినే వదులుతారు.