అండమాన్‌లో పదిహేను రోజులు: తిరిగింది ఎక్కువ, కాలీపూర్‌లో ఉన్నది తక్కువ

మా ఎంఎస్సీ జువాలజీ బ్యాచ్ నుంచి పన్నెండు మందిమి, ఇద్దరు మేడమ్స్, జనవరి 23న వైజాగ్‌లో బయల్దేరి ఫిబ్రవరి 6న ఇంటికొచ్చాం. వచ్చినప్పట్నుంచి జూనియర్స్ అందరూ అవే అడుగుతున్నారు, ఎంతయింది, ఎక్కడ ఉన్నారు, నిజంగా తాబేళ్ళు కనపడ్డాయా అని, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. ముందే ఒక మాట చెప్పేస్తాను, మేము చేసిన పెద్ద తప్పు వెళ్ళేది ఎలాగూ ఒక్కసారే కదా అని అన్నీ చూసేద్దామని ప్లాన్ వేసుకోవడం. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలీపూర్ బీచ్ దగ్గర ఐదు రాత్రులు ఉన్నాం, అక్కడ పది రాత్రులు ఉండాల్సింది.

వెళ్ళేటప్పుడు షిప్‌లో వెళ్ళాం. వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం అని మార్చారు, 2024లో, కానీ అక్కడ ఇంకా అందరూ పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు) షిప్ రోజూ ఉండదు, షెడ్యూల్ వచ్చాక టికెట్ దొరకాలి, దొరికాక కూడా డేట్ మారొచ్చు, మాది ఒకసారి మారింది. బంక్ క్లాస్ తీసుకున్నాం. చవక, అదొక్కటే దాని గొప్ప. రెండో రోజుకి బాత్రూములు వాడేలా లేవు, క్యాంటీన్ అన్నం పప్పు మొదటిపూట బాగానే ఉంది తర్వాత అదే పప్పు నీళ్ళయింది. అమ్మాయిలు ఎక్కువమంది ఉంటే డబ్బు కొంచెం ఎక్కువైనా క్యాబిన్ తీసుకోండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. పులిహోర, చల్ల మిరపకాయలు, వాంతి మాత్రలు పట్టుకెళ్ళండి. అయినా సరే నేను మళ్ళీ వెళ్తే షిప్‌లోనే వెళ్తాను, రెండో రోజు పొద్దున డెక్ మీద నిలబడితే చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేం లేవు, ఎగిరే చేపలు గుంపులు గుంపులుగా లేచి అంత దూరం పోయి మళ్ళీ పడుతున్నాయి, మన సముద్రం ఎంత పెద్దదో ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే తెలియదు.

పోర్ట్ బ్లెయిర్‌లో భాష గురించి కంగారు పడొద్దు. హిందీ అందరికీ వచ్చు, తెలుగు కూడా బాగా వినిపిస్తుంది. జంగ్లీఘాట్ వైపు టీ కొట్టు దగ్గర మేము మాట్లాడుకుంటుంటే ఒక పెద్దాయన "ఏటమ్మా, వైజాగేనా మీది?" అని అడిగాడు. వాళ్ళది పూడిమడక కాడంట, "మా తాత ఎప్పుడో ఒచ్చీసినాడు, మేము ఇక్కడే పుట్టినాం" అన్నాడు, టీ డబ్బులు ఇవ్వనివ్వలేదు. ఆయనే చెప్పాడు ఉత్తరాన డిగ్లీపూర్ వెళ్తే డబ్బులు క్యాష్ పట్టుకెళ్ళమని, ఆ మాట విన్నందుకు బతికిపోయాం, అక్కడ నెట్ పోతే ఫోన్‌లో పేమెంట్ గంటలు గంటలు పనిచెయ్యదు.

పోర్ట్ బ్లెయిర్‌లో రెండ్రోజులు ఉన్నాం. వండూరు వెళ్ళే దారిలో సిప్పీఘాట్ అని ఒక చోటు ఉంది, బస్సులో నిద్రపోకుండా చూడండి. 2004 సునామీ తెచ్చిన భూకంపానికి ఆ వైపు నేల కుంగి, పొలాల్లోకి సముద్రపు నీళ్ళొచ్చి అలాగే ఉండిపోయాయి. అప్పుడు వరి పండిన చోట ఇప్పుడు కొంగలు, బాతులు. కంటి చుట్టూ తెల్లగా ఉండే అండమాన్ టీల్ అనే బాతుని మేము అక్కడే చూశాం, అండమాన్ దీవుల వరుసలో తప్ప ఇంకెక్కడా దొరకని జాతి అది. ఎవరి పొలమో పోయిన చోట ఇలా పిట్టల్ని చూసి సంబరపడటం ఒక రకంగా బాధగానే అనిపించింది నాకు. వండూరు నుంచి జాలీ బోయ్ దీవికి బోట్ ఎక్కాం, అది మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లోది, 1983లో పెట్టారు. ప్లాస్టిక్ అస్సలు ఎక్కనివ్వరు, బ్యాగులు నిజంగానే తెరిచి చూస్తారు, చిన్న బిస్కెట్ ప్యాకెట్ కూడా తీయించారు. ఇలా మన దగ్గర ఎక్కడా చూడలేదు, చాలా మెచ్చుకోవాలి. పగడాలు మాత్రం ఫొటోల్లో చూసినంత రంగుల్లో ఉంటాయనుకోకండి, 2010లో నీళ్ళు బాగా వేడెక్కి చాలా పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి, ఆ ఎముకల్లాంటి ముక్కలు అడుగున కుప్పలుగా కనిపిస్తాయి, వాటి మధ్యలో కొత్తవి పిడికెడంత పిడికెడంత మొలుస్తున్నాయి. చేపలు మాత్రం బోలెడు.

ఇప్పుడు డబ్బులు పోయిన సంగతి. వెళ్ళకముందే ఒక ట్రావెల్ ఏజెన్సీకి, పేరు రాయను, మెరైన్ కన్జర్వేషన్ వాలంటీర్ క్యాంప్ అని తలకి 3,500 కట్టాం, ఒకరోజు ప్రోగ్రామ్. అరగంట బీచ్‌లో చెత్త ఏరించారు, ఫొటోలు తీశారు, తర్వాత అంతా మామూలు స్నార్కెలింగే. వాళ్ళ బోట్ అబ్బాయి ఒక స్టార్‌ఫిష్‌ని నీళ్ళలోంచి తీసి ఒక్కొక్కరి చేతిలో పెడుతూ ఫొటో తీసుకోమన్నాడు, అది ఎండలో అలా చేతులు మారుతోంది, మా మేడమ్ కోపంగా తీసుకుని తనే నీళ్ళలో వదిలేశారు. సాయంత్రం అందరికీ సర్టిఫికెట్లు. సర్టిఫికెట్ ఎంత తొందరగా ఇస్తే ఆ పనికి అంత దూరంగా ఉండండి. వాలంటీర్ పని అని ఎవరైనా అంటే మూడు ప్రశ్నలు అడగండి, అటవీశాఖ పర్మిషన్ ఉందా, మేము వెళ్ళాక ఈ పని ఎవరు చేస్తారు, మేము రాసిన లెక్కలు ఎక్కడికి పోతాయి. జవాబు తడబడితే డబ్బు కట్టకండి.

29 తెల్లవారుజామున డిగ్లీపూర్ బస్సు. దాదాపు 325 కిలోమీటర్లు, పన్నెండు గంటలు పట్టింది, రోడ్డు కొన్నిచోట్ల బాగుంది కొన్నిచోట్ల నడుములు విరిగాయి. ఈ రోడ్డు గురించి మాలో మాకు పెద్ద వాదనే అయింది. జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దాటాక జారవా ఆదివాసుల రిజర్వ్ అడవిలోంచి దాదాపు 50 కిలోమీటర్లు పోతుంది, బళ్ళన్నీ పోలీసు కాన్వాయ్‌లో టైమ్ ప్రకారం వెళ్ళాలి, ఆపకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. రిజర్వ్ లోపల ఈ రోడ్డు మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మాకు షిప్ టికెట్లు దొరకలేదు కాబట్టి పోయేటప్పుడు బస్సులోనే పోయాం, వచ్చేటప్పుడు మాత్రం బస్సు వద్దని తీర్మానం చేసుకుని డిగ్లీపూర్ దగ్గరి రేవు ఏరియల్ బే నుంచి రాత్రి షిప్‌కి రెండ్రోజుల ముందే కౌంటర్ లైన్లో నిలబడి తెచ్చుకున్నాం. కాన్వాయ్‌లో మా ముందు సీట్లో ఇద్దరు ఫోన్ పట్టుకుని కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నారు, జూలో కూర్చున్నట్టు. జారవాలూ మనుషులే. బారాటాంగ్ సున్నపురాయి గుహలకోసమని ఆ రోడ్డు మీద టూర్ బళ్ళు రోజూ పోతాయి, మీరు ఆ టూర్ పెట్టుకోకండి.

డిగ్లీపూర్ నుంచి కాలీపూర్ 18 కిలోమీటర్లు. ఉన్న కొద్ది చోట్లలో మేము దిగింది బీచ్‌కి నడిచిపోయేంత దూరంలో గదులు, పాతవి, దోమతెరలు ఉన్నాయి, వేడినీళ్ళు లేవు, కరెంటు రోజుకి రెండుసార్లు పోయింది. వాటికి నేను మంచి మార్కులే వేస్తాను ఎందుకంటే బయట లైట్లు ఆరేస్తారు, బీచ్ వైపు ఒక్క బల్బు కూడా వెలగనివ్వరు, అడగకుండానే. వంట చేసే బెంగాలీ పిన్నిగారు (అక్కడ ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే) మేము రాత్రంతా మేలుకుంటున్నామని తెలిసి పదకొండింటికి టీ ఫ్లాస్కులో పోసి బయట పెట్టేవారు. ఆవిడ చేపల పులుసులో ఆవపిండి ఘాటు మొదటిరోజు ముక్కుకెక్కింది, మూడో రోజుకి రెండోసారి అడిగి వేయించుకున్నాం. ఇసుక ఈగలు మాత్రం ఘోరం. కంటికి కనపడవు, కుట్టిన రోజు ఏం తెలియదు, తర్వాత వారం రోజులు దద్దుర్లు, దురద. కొబ్బరినూనె దట్టంగా రాసుకుని ఫుల్ ప్యాంటు వేసుకోండి.

కాలీపూర్ ఇసుక నల్లగా బూడిదరంగులో ఉంటుంది, వెనక శాడిల్ పీక్ కొండ, 732 మీటర్లు, అండమాన్‌లో అన్నిటికంటే ఎత్తు. ఈ ఒక్క బీచ్‌కి నాలుగు రకాల తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆలివ్ రిడ్లే, గ్రీన్, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్. మాకు డిపార్ట్‌మెంట్ నుంచి ముందే లెటర్ పెట్టి పర్మిషన్ తీసుకున్నారు మేడమ్. గుడ్లు ముట్టుకునేది అటవీశాఖ వాచర్లే, మా పని రాసుకోవడం, మొయ్యడం, పగలు బాగుచెయ్యడం. పగలు పని అంటే హ్యాచరీ (తాబేలు గుడ్లని తెచ్చి పాతి, పిల్లలయ్యేదాకా కాపాడే చోటు) కంచె కింద కుక్కలు తవ్విన చోట్ల మళ్ళీ వల పాతడం, బీచ్‌కి కొట్టుకొచ్చిన దుంగలు తాబేలు దారికి అడ్డం లేకుండా పక్కకి లాగడం, చెత్త ఏరడం. చెత్తలో థాయ్ అక్షరాల సీసాలు, బర్మా అక్షరాల సీసాలు, మన కంపెనీలవీ, మూడు రోజుల్లో యాభై బస్తాలయింది. అవన్నీ తీసుకుపోయి రీసైకిల్ చేసే ఏర్పాటు అక్కడ లేదు, బస్తాలు కట్టి పంచాయతీ వాళ్ళు చెప్పిన చోట పెట్టి వచ్చాం, అది నాకు ఇంకా మనసులో ఉంది.

రాత్రి ఎనిమిది నుంచి రెండు దాకా నడవడం. తెల్ల టార్చి లేదు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి, అదీ వాచర్ చెప్తేనే. మొదటి రాత్రి ఏం లేదు. రెండో రాత్రి ఏం లేదు. మూడో రాత్రి ట్రాక్టర్ టైరు పోయినట్టు అచ్చు ఒకటి దొరికింది, పైకొచ్చి గుడ్లు పెట్టకుండానే తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోయింది. మాలో నలుగురు ఇక చాలు, రెండ్రోజులు ముందే బయల్దేరి హేవ్‌లాక్ దీవికి రెండ్రోజులు ఎక్కువ ఇద్దాం అన్నారు. వాళ్ళ మాట వినుంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జల్లుమంటుంది.

ఫిబ్రవరి 1 రాత్రి పన్నెండుంబావుకి వాచర్ అన్న చెయ్యెత్తి అందర్నీ కూర్చోబెట్టేశాడు. ఇసుక మీద ఏదో బండ కదిలినట్టు. ఆలివ్ రిడ్లే. వెనక కాళ్ళతో గుంట తవ్వడం మొదలుపెట్టింది, ఒక కాలు ఇసుకని చేటలా ఎత్తి పక్కన పోస్తుంది, ఆ ఇసుక అందులోకి జారకుండా రెండో కాలు అడ్డం, మళ్ళీ అది తవ్వుతుంది, వెనక్కి చూడదు, గుంట మాత్రం కుండలా గుండ్రంగా వచ్చింది. గుడ్లు పెట్టడం మొదలయ్యాకే మమ్మల్ని వెనకవైపు నుంచి దగ్గరికి రానిచ్చాడు. పింగ్‌పాంగ్ బంతుల్లాంటివి, రెండేసి మూడేసి, జిగురుతో మెరుస్తూ. దాని కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, అది ఒంట్లో ఉప్పు బయటికి పంపడమని చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా, అయినా అక్కడ నా కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. అయ్యాక ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఎత్తేస్తూ కడుపుతో దబదబా కొట్టి గట్టి చేసింది, మా కాళ్ళ కింద నేల అదిరింది. మొత్తం గంట లోపే. మళ్ళీ నీళ్ళలోకి, ఒక్కసారి కూడా ఆగకుండా.

ఆ తర్వాత వాచర్ అన్న గుడ్లు తిప్పకుండా, ఉన్నవి ఉన్నట్టే తీసి బకెట్లో పెడితే మేము హ్యాచరీకి మోశాం. నేను లెక్క రాశాను, 112. కొత్త గుంట అంతే లోతు, అదే కుండ ఆకారం, పైన వల బుట్ట, తేదీ పలక. ఆ ఇసుక వేడిని బట్టే పిల్లలు ఆడా మగా అవుతాయి, వేడి ఎక్కువైతే ఆడవే, అందుకే హ్యాచరీలో సగం మీద నీడ వేశారు, ఆ నీడ గుడ్డ కట్టింది మేమే. మర్నాడు సాయంత్రం డిసెంబర్‌లో పెట్టిన గూడు ఒకటి తెరుచుకుంది, పిల్లలన్నీ అరచేతిలో సగం కూడా ఉండవు, వాటిని ఎత్తి నీళ్ళలో వెయ్యకూడదు, ఇసుక మీద వాటంతటవే పాకాలి. బయట నుంచి వచ్చిన ఒకాయన ఫ్లాష్ కొట్టగానే నాలుగు పిల్లలు ఒక్కసారిగా అటు తిరిగిపోయాయి. వెలుగు ఎటుంటే అటే సముద్రం అనుకుంటాయి అవి. దయచేసి ఫోన్ జేబులోనే ఉంచండి.

రాస్ అండ్ స్మిత్ అనే జంట దీవులకి ఒక పూట వెళ్ళాం, ఏరియల్ బేలో పర్మిట్ తీసుకోవాలి, ఆటుకి రెండు దీవుల మధ్య ఇసుక దారి తేలుతుంది, పోటు టైమ్‌కి వెళ్తే ఏం లేదు, టైమ్ కనుక్కుని వెళ్ళండి. శాడిల్ పీక్ ఎక్కలేదు, నిద్రలేక.

హేవ్‌లాక్ ఒక రాత్రి. రాధానగర్ బీచ్ అందం నిజమే, కాదనను. కానీ జనం, స్కూటర్లు, బేరాలు, కాలీపూర్ చూసొచ్చిన కళ్ళకి అక్కడ మనసు నిలవలేదు, గదికి ఇచ్చిన డబ్బుతో కాలీపూర్‌లో ఇంకో మూడు రాత్రులు ఉండొచ్చు. మొసళ్ళ బోర్డులు ఎక్కడ కనిపించినా నీళ్ళలో దిగకండి, 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక విదేశీ టూరిస్టు ఉప్పునీటి మొసలికి బలైపోయింది. వచ్చేటప్పుడు ఫ్లైట్, చెన్నై మీదుగా. అన్నీ కలిపి, ఆ ఏజెన్సీకి పోసింది కూడా కలిపి, తలకి 27 వేలు చిల్లర.

వాచర్ అన్నకి నా నంబర్ ఇచ్చి వచ్చాను, మా గూడు తెరుచుకుంటే చెప్పమని. మార్చి 25 రాత్రి ఫోన్ వచ్చింది, సిగ్నల్ తెగుతూ తెగుతూ, మూడుసార్లు చెప్పించుకుంటే గానీ అంకె సరిగా వినపడలేదు. 112లో 89.