బ్రోకర్ లేకుండా ఇల్లు అమ్మడం: మూడు ఆస్తులు అమ్మాక నా సమీక్ష

ముందే చెప్పేస్తున్నాను. హైదరాబాద్‌లో బ్రోకర్ లేకుండా ఇల్లు అమ్మొచ్చు, కమీషన్ కూడా మిగులుతుంది, కాకపోతే ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నంత మాత్రం మిగలదు. 2019 నుంచి ఇప్పటిదాకా మా ఇంట్లో మూడు ఆస్తులు అమ్మాం. వనస్థలిపురంలో అమ్మ ఉండే పాత ఫ్లాట్, నిజాంపేటలో మా ఫ్లాట్, ఈ రెండూ బ్రోకర్ లేకుండా. షాద్‌నగర్ వైపు ప్లాట్ మాత్రం బ్రోకర్ చేతే అమ్మించాం. యాప్‌లో ఫ్రీ లిస్టింగ్, డబ్బు కట్టే ప్లాన్, గేటుకి 'అమ్మబడును' బోర్డు, వాట్సాప్ గ్రూపులు, అన్నీ వాడి చూశాను కాబట్టి దేనికెంత విలువో కాస్త ధైర్యంగానే చెప్పగలను.

ముందు డబ్బు సంగతి. ఇక్కడ అమ్మేవాళ్ల దగ్గర ఒక శాతం, కొనేవాళ్ల దగ్గర ఒక శాతం తీసుకోవడం మామూలు, రెండేసి శాతం అడిగేవాళ్లూ ఉన్నారు. 2024 చివర్లో నిజాంపేట ఫ్లాట్ 72 లక్షలకు పోయింది. ఒక శాతం అంటే 72 వేలు, అటువైపు ఇంకో 72 వేలు, మొత్తం లక్షా 44 వేలు. ఇది మొత్తం మనకే మిగిలిందనుకుంటే పొరపాటు. కొనే ఆయన మొదటి మాటల్లోనే "బ్రోకర్ లేడు కదా సార్, మీకు కమీషన్ మిగిలింది, అది నాకు తగ్గించండి" అన్నాడు. తన వైపు మిగిలిన 72 వేల సంగతి ఎత్తితే నవ్వి ఊరుకున్నాడు! కొనేవాడికి రిజిస్ట్రేషన్ ఖర్చే ఏడున్నర శాతం దాకా పడుతుంది, కాబట్టి ఆయన ప్రతి రూపాయీ కలిపి లెక్కేసుకుంటాడు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. చివరికి ఆ పేరు చెప్పి ఒక ముప్పై వేలు వదులుకున్నాం. యాప్ ప్లాన్‌కి కొన్ని వేలు, అగ్రిమెంట్ రాసిన లాయర్‌కీ డాక్యుమెంట్ రైటర్‌కీ కలిపి పాతిక వేల లోపు. చేతిలో మిగిలింది ఎంతో మీరే లెక్కేసుకోండి. ఇంకో విషయం, కమీషన్ బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకుంటే అది అమ్మకం ఖర్చు కింద క్యాపిటల్ గెయిన్స్‌లో, అంటే పన్ను పడే అమ్మకం లాభంలో, తగ్గుతుంది. 12.5 శాతం పన్ను కట్టేవాళ్లకి 72 వేల మీద 9 వేలు అక్కడ తగ్గేవే. నగదు ఇచ్చి రసీదు అడగకుండా వచ్చేస్తే ఆ తగ్గింపు అడగడానికి చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ఇక యాప్. పేరు రాయను, ఎందుకంటే దాదాపు అన్నీ ఒకేలా ఉన్నాయి. ఫొటోలు పెట్టి లిస్టింగ్ వేయగానే ఫోన్ మోగడం మొదలైంది, సంబరపడ్డాం, తీరా చూస్తే చేసేవాళ్లలో ఎక్కువమంది బ్రోకర్లే. "మా పార్టీ రెడీగా ఉంది సార్, మీరేమీ ఇవ్వక్కర్లేదు, మేం అటువైపే తీసుకుంటాం" అంటారు. నేరుగా చెప్పేవాళ్లు నయం, కొనేవాడినే అని చెప్పి వచ్చేవాళ్లతోనే టైమ్ పోతుంది. కొన్నాళ్లకి మా ఆవిడకి ఒక పట్టు దొరికింది. నిజంగా కొనేవాళ్లు ఎండాకాలంలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయి, మెయింటెనెన్స్ ఎంత, కారు పార్కింగ్ సెల్లార్‌లోనా స్టిల్ట్‌లోనా, ఈస్ట్ ఫేసింగా, పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారు, ఇలాంటివి అడుగుతారు. బ్రోకర్ అడిగేవి రెండే: "లాస్ట్ ఎంత సార్?", "తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?" అంతే. ఇది తెలిశాక సగం ఫోన్లు ఒక్క నిమిషంలో తేలిపోయేవి. మా ఫొటోలే తీసుకెళ్లి ఇంకొకరెవరో అదే ఫ్లాట్‌ని ఐదు లక్షలు ఎక్కువకి వేరే చోట పెట్టారు. అది చూసి వచ్చినవాళ్లకి మా రేటు తక్కువగా కనిపించడం వేరే సంగతి. అందుకే ఫొటోల మీద ఏదో ఒక గుర్తు వేసి పెట్టండి.

డబ్బు కట్టే ప్లాన్ తీసుకుంటే ఒక రిలేషన్‌షిప్ మేనేజర్‌ని ఇస్తారు. మొదట్లో రోజూ ఫోన్ చేశాడు, తర్వాత అతని స్థానంలో ఇంకొకరు వచ్చారు, ఆవిడకి మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి, ఆ తర్వాత రేటు తగ్గించండి అనడం తప్ప ఇంకో మాట లేదు. ఐదుకి రెండున్నర మార్కులు ఇస్తాను, అవి కూడా చుట్టుపక్కల ఎవరు ఎంత అడుగుతున్నారో చూసుకోవడానికి పనికొచ్చింది కాబట్టే. కొన్నాయన యాప్‌లోంచి రాలేదు. పక్క బ్లాకులో అద్దెకుండే ఆయనే. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్ వాళ్ల ఓనర్ చూసి చెప్పాడట. పిల్లల స్కూలు ఇక్కడే, నీళ్ల సంగతి తెలుసు, లిఫ్ట్ సంగతి తెలుసు, కొత్తగా చూపించాల్సింది ఏమీ లేదు. వనస్థలిపురం ఫ్లాట్ కూడా అదే వీధిలో వాళ్లే కొన్నారు. కాబట్టి నా మాట వింటే ముందు గ్రూపులో పెట్టండి, వాచ్‌మన్‌కి చెప్పండి, కుదిరితే ఐదు వేలు ఇస్తానని కూడా చెప్పండి, యాప్‌కి కట్టే ముందు ఇవన్నీ చేసి చూడండి.

రేటు ఎంత చెప్పాలి అన్నది బ్రోకర్ లేనప్పుడు నిజంగా కష్టమే. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో మార్కెట్ వాల్యూ దొరుకుతుంది కానీ అది ప్రభుత్వం కట్టిన విలువ, చాలా చోట్ల అసలు రేటుకి బాగా కింద ఉంటుంది. పక్క ఫ్లాట్ ఎంతకి పోయిందో దస్తావేజులో చూద్దామంటే అందులో రాసేది చాలాసార్లు ఆ ప్రభుత్వ విలువే, మిగతాది నోట్లలో నడుస్తుంది. యాప్‌లో కనిపించేవి అడిగే రేట్లు, అమ్ముడైన రేట్లు కావు. నేను బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వాల్యూయర్‌కి ఫీజు ఇచ్చి రిపోర్టు తీసుకున్నాను. అసలు లోన్ ఎంత వస్తుందో తేల్చేది వాళ్ల విలువే కాబట్టి ఆ అంకె చేతిలో ఉంటే బేరంలో చాలా ఉపయోగపడింది.

బేరం గురించి రెండు మాటలు. బ్రోకర్ చేసే పనుల్లో ఒకటి మనకి కనపడదు, మన తరఫున 'కుదరదు' అని చెప్పడం. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, పైగా రోజూ లిఫ్ట్‌లో ఎదురుపడే మనిషికి, కాదని చెప్పడం అంత తేలిక కాదు. "అన్నా, ఇంకో రెండు తగ్గించండి, మీకూ మాకూ మధ్య ఇదేంటి" అంటాడు. మా ఇంట్లో ఆ పని మా ఆవిడ తీసుకుంది, బాగా చేసింది. మా బాబాయి ఒకాయన మాత్రం సాయం చేద్దామని వచ్చి, కొనేవాళ్ల ముందే "అమ్మాయి పెళ్లి దగ్గర పడింది, వీళ్లకి డబ్బు అర్జెంటు" అని చెప్పేసి కాఫీ తాగి వెళ్లిపోయాడు. దాని ఖరీదు ఎంతో ఆయనకి ఇప్పటికీ తెలియదు. మాట్లాడేది ఒక్కరే ఉండాలి, మిగతావాళ్లని ఆ రోజు సినిమాకి పంపించండి.

నగదు సంగతి కూడా ఇక్కడే వస్తుంది. "వైట్ ఎంత పెడదాం సార్?" అని దాదాపు అందరూ అడుగుతారు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా వేయొచ్చు. మేం మొత్తం బ్యాంకు ద్వారానే అని మొదటి ఫోన్‌లోనే చెప్పేశాం, కొందరు అక్కడే ఆగిపోయారు, దానివల్ల నష్టపోయామని నాకు అనిపించలేదు. లోన్‌తో కొనే ఉద్యోగస్తులకి మొత్తం వైట్ అయితేనే సౌకర్యం.

అసలు కథ బయానా తీసుకున్నాక మొదలవుతుంది. ఇన్నాళ్ల అనుభవంలో నాకు అర్థమైంది ఇదే: బ్రోకర్ కొనేవాణ్ణి తెచ్చినందుకు డబ్బు తీసుకుంటున్నాడని అనుకుంటాం కానీ, బయానాకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య ఇద్దరి భయాలనీ మోస్తూ తిరగడమే అతని అసలు పని. నిజాంపేటలో మా ఫ్లాట్ మీద అప్పటికి ఇంకా హోమ్ లోన్ ఉంది. కాగితాలు మా బ్యాంకులో ఉన్నాయి. కొనేవాళ్ల బ్యాంకు మా లోన్ కట్టేస్తేనే అవి బయటికి వస్తాయి, మరి కట్టాక కాగితాలు రాకపోతే ఎలా అని వాళ్ల భయం, రిజిస్ట్రేషన్ అయ్యాక మిగతా డబ్బు రాకపోతే ఎలా అని మాది. బ్రోకర్ ఉంటే "నేనున్నా కదా సార్" అంటాడు, ఆ మాటకి చట్టపరంగా విలువ లేకపోయినా టెన్షన్ తగ్గుతుంది. మేం దాని బదులు కాగితం మీద పెట్టుకున్నాం. మా బ్యాంకు నుంచి బాకీ ఎంతో చూపే లెటరు, వాళ్ల దగ్గరున్న దస్తావేజుల జాబితా తీసుకుని కొనేవాళ్లకిచ్చాం. బాకీ చెక్కు నేరుగా మా బ్యాంకు పేరు మీదే. లోన్ మొత్తం తీరిన 30 రోజుల్లో కాగితాలు ఇవ్వాలని, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2023 డిసెంబర్ 1 నుంచి ఉంది. ఆ సంగతి చూపించాక వాళ్లు కాస్త కుదుటపడ్డారు. లోన్ రాకపోతే బయానా ఎన్నాళ్లలో వెనక్కివ్వాలి, కారణం లేకుండా మానుకుంటే ఎంత పోతుంది, ఆలస్యమైతే ఎన్నాళ్లు ఆగాలి, ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాయించాం. లాయర్‌కి ఇచ్చిన డబ్బులో ఒక్క రూపాయి కూడా వృథా కాలేదు.

టీడీఎస్ అనేది ఒకటుంది. 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. మా విషయంలో అది కూడా 72 వేలే. ఆ ఫారం, అప్పట్లో 26క్యూబీ, ఆయనకి తెలియదు, నేనే పక్కన కూర్చుని నింపించాను, లేకపోతే ఆ డబ్బు మా ఖాతాలో కనపడదు. బ్రోకర్లకి కూడా ఇది సరిగ్గా తెలియదని ఆ తర్వాత ప్లాట్ అమ్మినప్పుడు అర్థమైంది.

వనస్థలిపురం ఫ్లాట్ వేరే రకం తలనొప్పి. పాత బిల్డింగ్, లిఫ్ట్ లేదు, ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేదు, నాన్న పేరు మీద ఉంది, నాన్న లేరు. అమ్మ ఒక్కతే ఉండేది కాబట్టి ఆమె నంబరు ఎక్కడా పెట్టలేదు, నా నంబరే పెట్టి, ఆదివారాలు నేను ఉన్నప్పుడే రమ్మనేవాణ్ణి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇల్లు యాప్‌లో పెట్టేటప్పుడు ఇది మాత్రం ఖచ్చితంగా పాటించండి. వారసులందరూ సంతకం పెట్టాలి, చెల్లెలు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటుంది. ఎన్ఆర్ఐ అమ్మితే కొనేవాళ్లకి టీడీఎస్ నిబంధన మారిపోతుంది, ఆ ఒక్క శాతం లెక్క పనిచేయదు, అది వింటేనే కొనేవాళ్లు జంకుతారు. అందుకని సెలవుల్లో వచ్చినప్పుడు తన వాటా అమ్మ పేరుకి రిలీజ్ డీడ్ రాసిచ్చింది. వాళ్లు అక్కడ ఇల్లు అమ్మినప్పటి సంగతి చెప్పి నన్ను ఏడిపించింది కూడా: "అన్నయ్యా, ఒక్క శాతానికి ఇంత బాధా? ఇక్కడ ఇద్దరు ఏజెంట్లకీ కలిపి ఐదు, ఆరు శాతం అమ్మేవాళ్లే ఇచ్చేవాళ్లు." అక్కడ రియల్టర్ల సంఘం కోర్టు కేసులో 41.8 కోట్ల డాలర్లకి రాజీ పడ్డాక, 2024 ఆగస్టు నుంచి కొనేవాళ్ల ఏజెంటుకి ఎంత ఇస్తామో ఎంఎల్ఎస్‌లో, అంటే ఏజెంట్లు అమ్మే ఇళ్ల వివరాలు పెట్టుకునే ఉమ్మడి లిస్టింగ్‌లో, పెట్టడం ఆపేశారు, అయినా చాలామంది అమ్మేవాళ్లు ఇంకా ఇస్తూనే ఉన్నారట. సరే, వాళ్ల ఏజెంట్లకి చుట్టుపక్కల ఇళ్లు ఎంతకి పోయాయో తెలుసుకునే దారి ఉంది. మన దగ్గర అదే లేదు.

షాద్‌నగర్ ప్లాట్‌కి బ్రోకర్ ఎందుకంటే, అక్కడ యాప్ పనిచేయదు. అడిగేవాళ్లు "ఎల్ఆర్ఎస్ కట్టారా?" (లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫీజు) అని మొదలుపెట్టి, హద్దురాళ్లు ఎక్కడున్నాయి, రోడ్డు ఎన్ని అడుగులు, పక్క సర్వే నంబరులో గొడవలున్నాయా అని అడుగుతారు, హైదరాబాద్‌లో కూర్చుని వాటికి జవాబులు చెప్పలేం. ప్రతి ఆదివారం వెళ్లి ఎండలో నిలబడే ఓపికా లేదు. లోకల్ బ్రోకర్ రెండు శాతం అడిగాడు. శాతం వద్దు, ఇంత అని ఒక మొత్తం అనుకుందాం, మేం చెప్పిన రేటు కన్నా ఎక్కువకి అమ్మితే పైదాంట్లో కొంత ఇస్తాం అన్నాం. కాసేపు గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. బయానా రోజే సగం ఇవ్వమని అడుగుతారు, మేం ఇవ్వలేదు, మొత్తం రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయటే ఫోన్‌లో పంపించి, రసీదు మీద సంతకం తీసుకున్నాం.